ఆకుపచ్చ పట్టీ ఎలుకలు

ఎలుకను తలకిందులుగా వేలాడదీసి, అది ఎంతసేపటికి కింద పడుతుందో చూడటం నా ఉద్యోగం. నవ్వొస్తే నవ్వండి. మా తమ్ముడూ నవ్వేవాడు. కొండను తవ్వి ఎలుకను పట్టారంటారు, మా అక్క కొండ జోలికే పోదు, నేరుగా ఎలుకనే పడుతుంది అని, పెళ్లికి ముందు మరదలికి నన్ను పరిచయం చేస్తూ వాడన్న మొదటి మాట అది. ఆ పిల్ల నవ్వాలో వద్దో తెలియక నా మొహం వంక చూసింది. నా మొహం అలాంటిది మరి.

పరిశోధనశాలలో చేరి నాకు పంతొమ్మిదేళ్లు. కింది అంతస్తులో, రెండు తలుపుల వెనక, కిటికీ లేని గది. గోడల వెంబడి అరల్లో ప్లాస్టిక్ పెట్టెలు. ప్రతి పెట్టెలో పొట్టు, పైన తీగల మూత, మూత మీద బోర్లించిన నీళ్ల సీసా. పొద్దున ఏడింటికి లైట్లు వాటంతటవే వెలుగుతాయి, సాయంత్రం ఏడింటికి వాటంతటవే ఆరిపోతాయి. మూతికి మాస్కు, చేతులకీ కాళ్లకీ తొడుగులు లేకుండా లోపల అడుగు పెట్టకూడదు. ఎంత తోమినా ఉచ్చ కంపు పోదు. మా ఆయన నన్ను వదిలేసి పోతూ చెప్పిన కారణాల్లో ఆ కంపు ఒకటి. మిగతావి నా నోరు, నా నోరు, నా నోరు.

మా మేడం పెంచే ఎలుకలు మామూలువి కావు. వాటికి పుట్టుకతోనే ఒక జబ్బు ఉంటుంది. మనుషుల జబ్బే, తెచ్చి వాటిలో పెట్టారు. మెదడు నుంచి కండకు కబురు మోసే నరాలు ఒక్కొక్కటే చచ్చిపోతాయి. కండ ఉంటుంది, ఆకలి ఉంటుంది, తెలివి ఉంటుంది, కబురు మాత్రం అందదు. ముందు వెనక్కాలు వణుకుతుంది, తర్వాత ఈడుస్తుంది, ఆ తర్వాత పక్కకి పడుకోబెడితే లేవలేదు. మోటార్ న్యూరాన్ జబ్బు. ఆ పేరు పన్నెండేళ్లుగా చీటీల మీద రాస్తున్నాను. ఒక్కనాడు కూడా నా చెయ్యి వణకలేదు.

మా తమ్ముడు లిఫ్టులు బాగుచేసేవాడు. ఒకరోజు పద్నాలుగో అంతస్తులో పని చేస్తుండగా చేతిలోని స్క్రూడ్రైవర్ జారి లిఫ్టు గుంతలోకి పడింది. మర్నాడు ఇంకొకటి పడింది. నెల తిరిగేసరికి మాట తడబడటం మొదలైంది. తాగి పనిలోకి వచ్చాడని సూపర్‌వైజరు ఇంటికి పంపేశాడు. నేనూ అదే అనుకుని చెంప పగలగొట్టాను. ముప్పై నాలుగేళ్ల వెధవ, చెంప తడుముకుంటూ, నిజంగా తాగలేదక్కా అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆ సాయంత్రం వాడు నా ముందు మెట్లెక్కుతుంటే వెనక నుంచి చూశాను. కుడి పాదం మెట్టు అంచుకి తగిలి ఈడ్చుకుపోతోంది. ఆ ఈడ్పు నాకు తెలుసు. రోజూ చూసేదే. నరాల డాక్టరు పరీక్షలన్నీ చేసి పేరు చెప్పడానికి ఆరు వారాల ముందే, ఆ మెట్ల మీద నిలబడి ఆ పేరు నాకు నేనే చెప్పుకున్నాను.

వాడు నాకు తమ్ముడంటే తమ్ముడు కాదు. అమ్మ పోయేనాటికి వాడికి ఏడాదిన్నర, నాకు పన్నెండు నిండాయి. వాడికి మాటలొచ్చింది నా ఒళ్లో. అలాంటివాణ్ణి పట్టుకుని, ఈ జబ్బుకు మందు లేదమ్మా, రోజులు కొంచెం జరుగుతాయేమో గానీ తగ్గదు అన్నాడు డాక్టరు. అది నాకు చెప్పాలా? నా గదిలో ఎన్నింటిని చూశాను, ఒక్కటైనా తగ్గి బయటికి పోయిందా?

సరిగ్గా ఆ రోజుల్లోనే మేడం ఒక వేరు కషాయం తెచ్చింది. ఏదో అడవి తీగ వేరు. అంతకుముందు పసర్లు, గింజలు, బెరళ్లు చాలా వచ్చాయి, వచ్చిన దారినే పోయాయి. వాటిని చూసి, ఈసారి ఏ చెట్టుకి మూడిందండీ అని మేడంని ఆటపట్టించేదాన్ని. ఈసారి నోరు పెగల్లేదు. ఆ గోధుమరంగు సీసాలు నా చేతికి వచ్చినప్పుడు వాటిని కళ్లకద్దుకున్నాను. ఎవరైనా చూస్తే నవ్వుతారని కూడా తోచలేదు.

పద్ధతి ఇది. జబ్బున్న మగ ఎలుకలు ఇరవై నాలుగు. పన్నెండింటి పెట్టెలకు ఎర్ర పట్టీ, పన్నెండింటికి ఆకుపచ్చ పట్టీ. ఒక పట్టీవాటికి రోజూ కషాయం, రెండో పట్టీవాటికి అదే రంగూ అదే చేదూ కలిపిన ఉత్త నీళ్లు. ఏది ఏదో నాకూ తెలియకూడదు, మేడంకీ తెలియకూడదు. తెలిస్తే చెయ్యి ఒకవైపు మొగ్గుతుందట. ఆ గుట్టు పై అంతస్తులో ఒక కవరులో పెట్టి అంటించారు. ఏ నంబరు ఎలుక ఏ పట్టీలోకి పోవాలో మాత్రం ముందే చీటీ రాసి నాకిచ్చారు. ఒక కాన్పు పిల్లలన్నిటినీ ఒకే పట్టీలో పెట్టొద్దు, సగం అటు సగం ఇటు పంచండి అని మేడం రెండుసార్లు చెప్పింది. నేనూ రెండుసార్లు తలూపాను.

చెవికి గాటు పెట్టి నంబరు వేసేది నేనే. అక్కడే వెలగబెట్టాను నా ఘనకార్యం. ఒక పెట్టెలో ఒక పోతు, రెండు ఆడవి ఉండేవి. ఆ రెండూ ఒకే రోజు కన్నాయి, పిల్లల్ని కలిపేసుకుని ఎవరి పిల్లలని చూడకుండా పాలిచ్చాయి. మనుషుల్లో సవతులు అలా ఉన్నారా ఎక్కడైనా? వాటిలో జబ్బున్న మగవి ఏడు. ఏడూ ఒకదాని మీద ఒకటి గుట్టగా పడి నిద్రపోయేవి. మగ ఎలుకల్ని అన్నదమ్ముల నుంచి విడదీసి కొత్తవాటితో పెడితే కొరుక్కుంటాయి. అంతకుముందు ఒకసారి చీటీలో ఉన్నట్టే విడదీశాను, పొద్దున వచ్చి చూస్తే ఒకదాని తోక మొదట్లో మాంసం కనిపిస్తోంది. రెండు రోజులకు చచ్చింది. పైవాళ్లదేం పోయింది, చీటీ రాసి వెళ్లిపోతారు. చచ్చినదాన్ని చేత్తో తీసేది నేను కదా. అందుకని చీటీలో ఆకుపచ్చకు రాసి ఉన్న నంబర్లు ఏరుకుని, ఏడింటి చెవులకీ ఆ నంబర్లే వేశాను. కాగితం మీద అంతా సవ్యంగానే ఉంది. పంతొమ్మిదేళ్ల అనుభవం, నాకు ఒకళ్లు చెప్పేదేంటి అనుకున్నాను.

వారానికి రెండుసార్లు వేలాట పరీక్ష. ఎలుకను తీగల మూత మీద పెట్టి, అది పట్టు బిగించాక మెల్లగా మూతను బోర్లించాలి. కింద మెత్తగా పొట్టు ఉంటుంది. మూడు నిమిషాలు ఆగితే మనమే దించెయ్యాలి. పదమూడో వారం వచ్చేసరికి ఎర్ర పట్టీవి నిమిషం కూడా నిలవడం లేదు. ఆకుపచ్చ పట్టీలో ఏడు మాత్రం మూడు నిమిషాలూ వేలాడి, ఇంకా దించవేంటే అన్నట్టు నా వంక చూశాయి. పదిహేనో వారంలోనూ అంతే. ఆకుపచ్చలోనే మిగతా అయిదూ ఎర్రవాటితో పాటే పడిపోతున్నాయి. అది నేను చూడలేదా? చూశాను, నా చేత్తోనే రాశాను. వేలాడిన ఏడింటినీ తలలో పెట్టుకుని ఇంటికి మోసుకుపోయాను, పడిపోయిన అయిదింటినీ అక్కడే వదిలేశాను.

సీసాలో వారం చివర మిగిలింది సింకులో పారబోసి, సీసా కడిగి పైకి పంపాలి. పారబొయ్యడం మానేశాను. ఆకుపచ్చ పట్టీ సీసాలో మిగిలింది నా నీళ్ల బాటిల్లోకి ఒంపుకుని ఇంటికి తెచ్చాను. దొంగతనం అనండి, పిచ్చి అనండి. ఎలుక ఇరవై గ్రాములు, మా వాడు యాభై కిలోలు. లెక్క కడితే వాడికి రోజుకి అరలీటరు పొయ్యాలి. నా దగ్గర మిగిలేది వారానికి ఓ టీ గ్లాసుడు. ఇంత తెలిసీ ఆ గ్లాసుడే ఏడు భాగాలు చేసి, రోజుకో భాగం వాడికి పట్టాను. పలచటివి తాగితే వాడికి పొలమారుతుంది, అందుకని పిండి కలిపి చిక్కగా చేసి చెంచాతో పెట్టేదాన్ని. చేదుకి వాడి మొహమంతా ముడుచుకుపోయేది. ఇంత చేదుగా ఉందంటే పని చేస్తుందక్కా అనేవాడు.

అప్పటికే ముద్ద దిగడం కష్టమైంది. నరాల డాక్టరు మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పాడు. కడుపుకి చిన్న రంధ్రం చేసి గొట్టం పెడతాం, మింగకపోయినా తిండి నేరుగా లోపలికి పోతుంది. ఇప్పుడే పెట్టించుకోవాలి. ఊపిరి బలం ఎంతుందో చూడటానికి వాడి చేత ఒక మిషనులోకి ఊదించాడు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకి వంద రావాలట, మావాడికి అరవై రెండు వచ్చింది. యాభై కిందికి దిగితే మత్తు ఇవ్వడం ప్రమాదం, అప్పుడు మీరు అడిగినా మేం చెయ్యం అని విడమరిచి చెప్పి తేదీ కూడా రాసిచ్చాడు.

మా వాడికి గొట్టం మాటే గిట్టలేదు. ఎలుకల గొంతులోకి మొద్దు సూదితో నేను మందెలా వేస్తానో పాతరోజుల్లో వాడికి చేసి చూపించి నవ్వించేదాన్ని. ఇప్పుడు నన్ను కూడా నీ ఎలుకని చేస్తారా అక్కా అన్నాడు. తేదీకి రెండు రోజుల ముందు, నేను పని నుంచి రాగానే మంచం మీద నుంచే అడిగాడు. అప్పటికింకా మాట కొంత తెలిసేది.

"ఆకుపచ్చవి ఎలా ఉన్నాయక్కా?"

"మూడు నిమిషాలు. నేనే దించాను."

"అయితే ఆగుదాం."

రోగి కోరిందీ పాలే, వైద్యుడు చెప్పిందీ పాలే. వైద్యుడు కాదు, వైద్యం తెలుసనుకున్న నేను. మరదలు నన్ను వంటగదిలోకి పిలిచి నా రెండు చేతులూ పట్టుకుంది. గట్టిగా మాట్లాడని పిల్ల, ఎదురు చెప్పడం దాని ఒంట్లో లేదు. అయినా ఆ రోజు చెప్పింది.

"వదినా, మీరు చెబితేనే ఆయన వింటారు. గొట్టం పెట్టించుకోమనండి. మందు పని చేస్తే అప్పుడు తీయించేయొచ్చు కదా."

అందులో తప్పేముంది? ఒక్క అక్షరం తప్పు లేదు. ఎలుకలు లేని మనిషికి అంత తేలిగ్గా తట్టింది. కానీ నేను గొట్టానికి ఒప్పుకుంటే, మందు మీద అక్కకే నమ్మకం లేదని వాడు అనుకుంటాడు. వాడు అనుకుంటే నేనూ అనుకోవాల్సి వస్తుంది. ఆ భయం నన్ను పట్టుకుని ఊపేసింది. దాని చేతులు విదిలించేసి, ఈ జబ్బుని పన్నెండేళ్లుగా రోజూ చూస్తున్నదాన్ని నేను, నీకేం తెలుసని, నోరు మూసుకుని ఉండు అన్నాను. ఆ పిల్ల నోరు మూసుకుంది. తేదీ వెళ్లిపోయింది.

తర్వాత నెలన్నరలో వాడి మాట ముద్దయిపోయింది. బయటివాళ్లకి అది ఒట్టి మూలుగు. మరదలికి కూడా పదింటికి ఒకటి అందేది, మిగతావాటికి నా మొహం చూసి, ఏమంటున్నారు వదినా అని అడిగేది. నాకు మాత్రం అందేవి. ముప్పై ఏళ్ల కిందట ఎలా విన్నానో అలాగే విన్నాను. కాలు పక్కకి జరపమంటున్నాడు, ఫ్యాన్ తగ్గించమంటున్నాడు, ఆ చీర నీకు బాగుందంటున్నాడు. ఆ చివరి మాట చెబితే ఆ పిల్ల గది బయటికి వెళ్లిపోయి చాలాసేపు రాలేదు. ఇంకో బాధ కూడా మొదలైంది. ఈ జబ్బులో కొందరికి నవ్వూ ఏడుపూ వాళ్ల చేతుల్లో ఉండవు. పళ్లెం జారిపడితే నవ్వు, తలుపు చప్పుడైతే నవ్వు. ఆగమంటే ఆగదు, కళ్లలో మాత్రం భయం ఉంటుంది.

ఎర్ర పట్టీవి పంతొమ్మిదో వారానికల్లా అయిపోయాయి. ఆకుపచ్చ ఏడూ ఇంకా మూడు వారాలు బతికాయి. చివరిది పోయిన రోజు మేడం అందరి ముందూ కవరు చింపింది. ఆకుపచ్చే కషాయం. మేడం నా రెండు భుజాలూ పట్టుకుంది, ఆవిడ కళ్లలో నీళ్లు. నేను తొడుగులు కూడా విప్పకుండా పరిగెత్తాను. ఇల్లు చేరి వాడి మంచం పక్కన కూలబడి, అదేరా, మనదేరా, నువ్వు తాగేదేరా అని వాడి మొహాన్ని నా చేతుల్లోకి తీసుకున్నాను. వాడు ఏడ్చాడు, నవ్వాడు, మళ్లీ ఏడ్చాడు. మరదలు గోడకి ఆనుకుని మొహం కప్పుకుంది. ఆ సంబరంలో ఆసుపత్రి వాళ్లు రెండోసారి ఇచ్చిన తేదీ కూడా దాటించేశాం. ఎందుకు, ఇంకెందుకు అన్నాను నేను.

పన్నెండు రోజుల తర్వాత మేడం నన్ను తన గదికి పిలిచింది. కూర్చోమంది. ఆవిడ నన్ను ఎప్పుడూ కూర్చోమనదు, నేనూ ఎప్పుడూ కూర్చోను. టేబుల్ మీద రెండు కాగితాలున్నాయి. ఫలితాలు అచ్చుకి పంపేముందు ఎలుకల తోక ముక్కలు ఇంకోసారి పరీక్షకి పంపుతారు. పుట్టినప్పుడు జబ్బు ఉందా లేదా అని మాత్రమే చూస్తారు, ఎంత ఉందో చూసేది ఆఖర్న.

"ఈ ఏడూ అన్నదమ్ములా అమ్మా?" అని అడిగింది.

అవునన్నాను. ఆ ఒక్క మాట నోట్లోంచి వస్తుండగానే నేను వేసిన చెవి గాట్లు గుర్తొచ్చాయి. కొన్ని ఎలుకల్లో జబ్బు తరం మారేటప్పుడు పలచబడుతుంది, ఆ పోతులోనే పలచబడి ఉంది, దాని పిల్లలన్నిటికీ పలచగానే వచ్చింది అని ఆవిడ నెమ్మదిగా చెప్పింది. పలచని జబ్బు ఆలస్యంగా చంపుతుంది. ఆ ఏడూ ఉత్త నీళ్లు తాగినా అన్ని రోజులూ బతికేవి. మిగతా అయిదూ కషాయం తాగి కూడా ఎర్రవాటితో పాటే పోయాయి. ఎందుకు పంచలేదమ్మా అని అడిగింది. కొరుక్కుంటాయని అన్నాను. ఆవిడ తిట్టలేదు. తిట్టినా బాగుండేది, నాకు తిట్లకి జవాబు చెప్పడం వచ్చు.

కొంచెమైనా, ఒక్క పిసరైనా పని చేసి ఉండొచ్చు కదా అని బతిమాలాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది. మిగతా అయిదింటిని చూస్తే ఏమీ లేదమ్మా అంది. తర్వాత కాగితాలు పక్కకి నెట్టి, నా తమ్ముడి సంగతి తెలిసిన మనిషి కాబట్టి, మంచి మనసుతోనే అడిగింది.

"మీ తమ్ముడికి గొట్టం పెట్టించేశారు కదా?"

నేను లేచి బయటికి వచ్చేశాను. మధ్యాహ్నం పన్నెండు కావస్తోంది. ఆటో పిలిచి, ఇంటి ముందు ఆపి, వాణ్ణి నేనూ మరదలూ చెరో పక్కా పట్టుకుని ఎక్కించాం. ఎక్కడికి వదినా, ఏమైంది వదినా అంటోంది ఆ పిల్ల. ఊరికే చూపించుకొద్దాం అన్నాను. ఆసుపత్రిలో తేదీ లేకుండా కుదరదన్న అమ్మాయి మీద అరిచాను, బల్ల మీద కొట్టాను, కాపలావాడు వస్తే వాడి మీదా అరిచాను. గోల భరించలేక డాక్టరే బయటికి వచ్చాడు. మిషనులోకి ఊదించాడు. మావాడి పెదాలు మిషను గొట్టం చుట్టూ మూసుకోవడం లేదు, నేను వేళ్లతో పట్టుకుని మూశాను. ముప్పై తొమ్మిది. ఇంకోసారి ఊదించండి అన్నాను. ముప్పై ఎనిమిది.

డాక్టరుని పక్కకి లాక్కెళ్లి కాళ్లు పట్టుకున్నాను. ఏ కాగితం మీదైనా సంతకం పెడతాను, పోతే పోయాడని రాసిస్తాను, గొట్టం మాత్రం పెట్టండి అన్నాను. ఆయన నన్ను లేపి, రెండు నెలల కింద రమ్మన్నాను కదమ్మా, రెండుసార్లు తేదీ ఇచ్చాను కదా అన్నాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఆకులేం చేస్తాయి? ముక్కులోంచి సన్నటి గొట్టం వేసి చూద్దామన్నారు. వేస్తుంటే దగ్గు తెర వచ్చి వాడి మొహం నీలంగా మారింది. నర్సు చటుక్కున తీసేసింది. చిక్కటి గంజి కొంచెం కొంచెంగా పెట్టండి, తల ఎత్తి ఉంచండి, మళ్లీ చూద్దాం అని పంపేశారు. మళ్లీ చూద్దాం అన్నప్పుడు డాక్టరు నా కళ్లలోకి చూడలేదు.

ఇంటికి వచ్చి వాణ్ణి పడుకోబెట్టాం. మరదలు గంజి కాచి తెచ్చి నా చేతికిచ్చి, విడిచిన బట్టలు తీసుకుని బయటికి వెళ్లింది. నేను రెండు చెంచాలు పెట్టాను. మూడోది పెట్టలేకపోయాను. అప్పుడు వాడికి అంతా చెప్పేశాను. చెవి గాట్లు, ఏడుగురు అన్నదమ్ములు, పలచని జబ్బు, పడిపోయిన అయిదు. నీకు పోసిన కషాయం ఉత్త చేదు నీళ్లతో సమానంరా, గొట్టం నేనే పడనివ్వలేదురా, నిన్ను నేనే చంపుకున్నానురా అన్నాను.

వాడు నవ్వాడు. నోరు తెరుచుకుని, భుజాలు ఎగిరెగిరిపడేలా, చొల్లు దిండు మీదికి కారుతుండగా నవ్వాడు. అది జబ్బు నవ్వో వాడి నవ్వో నాకు తెలియలేదు. వాడి ప్రతి మాటా అర్థమవుతుందని గొప్పలు పోయిన నాకు ఆ నవ్వు అర్థం కాలేదు. తిట్టరా, ఒక్క తిట్టు తిట్టరా నాయనా అని వాడి గుండెల మీద తల పెట్టుకుని ఏడ్చాను. నవ్వు చాలాసేపటికి గానీ తగ్గలేదు. తగ్గాక ఊపిరి కూడదీసుకుని ఒక మాట అన్నాడు.

దానికి చెప్పకు.

తల ఎత్తి చూస్తే గుమ్మంలో మరదలు ఉంది. ఎప్పుడు వచ్చిందో ఏమో, నవ్వు విని వచ్చినట్టుంది.

"ఏమన్నారు వదినా?"

నాకు అబద్ధాలు కొత్త కాదు. కాగితం మీద అంతా సవ్యంగా కనిపించేలా చెయ్యడం నాకు వెన్నతో పెట్టిన విద్య. కానీ ఆ పిల్ల చేతిలో వాడి చొక్కా ఉంది, ఆసుపత్రిలో దగ్గినప్పుడు చొల్లు పడ్డ చొక్కా. నీకు చెప్పొద్దంటున్నాడు అన్నాను. తర్వాత అంతా చెప్పాను. చెబుతున్నంతసేపూ వాడు మంచం మీద నుంచి వద్దు వద్దని మూలుగుతూనే ఉన్నాడు.

ఆ పిల్ల అరవలేదు. చొక్కా మడతపెట్టి కుర్చీ మీద పెట్టింది. నా దగ్గరికి వచ్చి గంజి గిన్నె తీసుకుంది.

"ఆ రోజు నన్ను నోరు మూసుకోమన్నావు."

నాలుగేళ్లలో నన్ను నువ్వు అనడం అదే మొదటిసారి. అవునన్నాను. లే, ఇకనుంచి నేను పెట్టుకుంటాను అంది. లేచాను.

ఆ తర్వాత వాడికి నా చేత్తో ఒక్క చెంచా పెట్టలేదు. పనికి పోతున్నాను, వస్తున్నాను. మేడం నన్ను తీసెయ్యలేదు, కొత్త ఎలుకలకు చెవి గాట్లు మాత్రం ఇంకొకరి చేత వేయిస్తోంది. ఇంట్లో గుమ్మం దాటి వాడి గదిలోకి పోను. పొమ్మని ఎవరూ అనలేదు, పోవద్దని కూడా అనలేదు. మరదలు నాతో మాట్లాడేది ఒకే ఒక్క మాట, ఏమంటున్నారు అని. దాని కోసం నేను గుమ్మంలో నిలబడతాను. దాహమంటున్నాడు, దురదగా ఉందంటున్నాడు, నువ్వు తిన్నావా అని అడుగుతున్నాడు అని చెబుతాను. ఒక్క మాట ఎక్కువ కలపను, ఒక్కటి మింగను. కనీసం అదైనా సరిగ్గా చేద్దామని.

మొన్న ఆదివారం మధ్యాహ్నం మరదలు గంజి పెడుతోంది. వాడు రెండు చెంచాలు మింగి మూడోదానికి నోరు తెరవలేదు. చిక్కి చిక్కి వాడి మొహంలో కళ్లే మిగిలాయి. ఆ కళ్లు తిప్పి గుమ్మంలో ఉన్న నన్ను చూశాడు. అక్క చేత్తో తింటాను అన్నాడు.

అంత స్పష్టంగా ఈమధ్య ఏ మాటా రాలేదు. కనీసం నాకు అలా వినిపించింది. మరదలు చెంచా పట్టుకుని నా వైపు తిరిగింది.

"ఏమంటున్నారు?"

ఉన్నది ఉన్నట్టు చెబితే ఆ పిల్ల గిన్నె నా చేతికిచ్చేస్తుంది. వాడు అడిగింది ఏదీ ఆ పిల్ల ఏనాడూ కాదనలేదు. ఇచ్చేసి బయటికి వెళ్లి కూర్చుంటుంది. నాకు ఆ గిన్నె కావాలి. ఈ భూమ్మీద ఇంకేదీ అక్కర్లేదు, ఆ గిన్నె కావాలి. ఎన్ని పూటలు మిగిలాయో తెలియదు, ఆ ఉన్న పూటలు కూడా దాని దగ్గర్నుంచి లాక్కుంటానా?

"దిండు కాస్త ఎత్తమంటున్నాడు" అన్నాను.

మరదలు దిండు ఎత్తి సరిచేసింది. వాడు నా మీద నుంచి చూపు తిప్పలేదు. ఊపిరి పీల్చుకుని, మళ్లీ అదే మాట అన్నాడు.

"ఇంకొంచెం ఎత్తమంటున్నాడు" అన్నాను.

ఆ పిల్ల ఇంకొంచెం ఎత్తింది.